నది దిగినట్లు దిగండి: ఆల్ప్స్‌లో ఆదిజె లోయ వెంట సైకిల్ యాత్ర ఎలా చేయాలి

ఆల్ప్స్‌లో సైకిలు అనగానే టీవీలో చూసిన పందేలు గుర్తొస్తాయి. ఎముకలు కనిపించే కుర్రవాళ్లు నిటారు కొండల మీదికి ఎగశ్వాసతో తొక్కుతూ పోతుంటారు. ఆ వ్యవహారం మనకు వద్దు. ఆదివారం పూట పదిహేను కిలోమీటర్లు తొక్కి ఇడ్లీ తిని ఇంటికొచ్చే వాళ్లు కూడా కార్ల హోరు లేకుండా ఆల్ప్స్ సరస్సుల మధ్య ఐదు రోజులు హాయిగా తిరిగి రావచ్చు. దానికి బలం కన్నా దిశ ముఖ్యం.

ఇటలీ ఉత్తర కొసన, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని, రెషెన్ కనుమ ఉంది. ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఆదిజె నది పుట్టేది అక్కడే. 410 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది ఇటలీలో పో నది తర్వాత పొడవైనది. దాని ఒడ్డున సైకిళ్ల కోసం వేసిన బాట యాపిల్ తోటల గుండా, చిన్న ఊళ్ల గుండా దక్షిణానికి దిగుతుంది. చివరన నదిని వదిలి ఒక చిన్న గుట్ట దాటితే సముద్రమట్టానికి 65 మీటర్ల ఎత్తులోని గార్డా సరస్సు వస్తుంది. మొత్తం దూరం సుమారు 230 కిలోమీటర్లు. నీళ్లు దిగిన దారినే మీరూ దిగుతారు కాబట్టి దారి తప్పే భయం తక్కువ, ఎక్కే శ్రమ అంతకన్నా తక్కువ. ఇదే దారిలో కింది నుంచి పైకి తొక్కిన వాళ్లున్నారు. వాళ్లకు నమస్కారం పెట్టి మనం కిందికి పోదాం.

పేర్ల సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మొదటి రోజే గందరగోళపడతారు. ఈ పై ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆస్ట్రియాది. ఇప్పటికీ అక్కడ ఎక్కువమంది మాతృభాష జర్మన్. అందుకే ప్రతి ఊరికీ రెండు పేర్లు. రెషెన్ అన్నా రేసియా అన్నా ఒకటే. మెరాన్, మెరానో ఒకటే. బోట్సెన్, బోల్జానో ఒకటే. నదికి కూడా జర్మన్‌లో ఎట్ష్, ఇటాలియన్‌లో ఆదిజె. టికెట్టు కొనేటప్పుడూ ఫోనులో పటం వెతికేటప్పుడూ రెండు పేర్లూ రాసిన చీటీ ఒకటి జేబులో ఉంచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

నన్ను అడిగితే సెప్టెంబరు. యాపిల్ కోతలు జరుగుతుంటాయి, ఎండ తగ్గుతుంది, ఆగస్టు సెలవుల రద్దీ పోతుంది. ఏప్రిల్ మధ్యలో తోటలన్నీ తెల్లగా పూస్తాయి, అది చూసి తీరాల్సిన దృశ్యమే. కానీ అప్పటికి పైన కనుమ దగ్గర మంచు పూర్తిగా కరగకపోవచ్చు. అప్పుడు వెళితే మెరాన్ నుంచి మొదలుపెట్టండి. జూలై, ఆగస్టుల్లో బోల్జానో గిన్నెలాంటి లోయలో ఉండటం వల్ల బాగా వేడెక్కుతుంది. హైదరాబాదు నుంచి వెళ్లి అక్కడ చెమటలు కక్కడం ఎందుకు?

వీసా, సామాను, తిండి

స్వల్పకాలిక షెంగెన్ వీసా కావాలి. మీరు విమానం దిగేది జర్మనీలోని మ్యూనిక్ అయినా ఎక్కువ రాత్రులు గడిపేది ఇటలీలో అయితే దరఖాస్తు ఇటలీకే చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. ఆఖరి పదిహేను రోజుల దాకా ఆగకండి. బస చేసే ఊళ్లు రోజుకొకటి మారతాయి కాబట్టి తేదీల వారీగా ఒక పట్టిక, ప్రతి రాత్రికీ గది బుకింగు కాగితం జత చేయండి.

సామాను ఎనిమిది కిలోలు దాటనివ్వకండి. వీపుకు సంచి తగిలించుకోవడం మొదటి గంట బాగానే ఉంటుంది, రెండో రోజుకు నడుము పట్టేస్తుంది. వెనక చక్రానికి రెండు వైపులా క్యారియరుకు తగిలించే సంచులే మంచివి. రెండు జతల బట్టలు, పల్చటి వాన కోటు, చేతి తొడుగులు, ముందూ వెనకా లైట్లు, ఒక ట్యూబు, పంక్చరు సామాను, చిన్న గాలి పంపు చాలు. ఇటలీలో ఊళ్ల బయట చీకటి పడ్డాక, సొరంగాల్లో ఎప్పుడైనా, మెరిసే జాకెట్టు లేకుండా సైకిలు తొక్కడం నిబంధనలకు విరుద్ధం. అది కూడా పెట్టుకోండి.

ఇక మన ఇళ్లలో తప్పకుండా జరిగే పని, సంచి నిండా తినుబండారాలు కుక్కడం. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. నెయ్యి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. మామిడిపళ్లు, కరివేపాకు రెమ్మల వంటివి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా వెళ్లవు. కందిపొడి డబ్బా ఒకటి చాలు. వేడి బంగాళాదుంపల మీద చల్లుకుంటే ఎంత బాగుంటుందో అక్కడే తెలిసింది.

శాకాహారులకు ఇబ్బంది లేదు గానీ జాగ్రత్త కావాలి. క్నోడెల్ అని పాత రొట్టె ముక్కలతో చేసే ఉండలుంటాయి. పాలకూరతో, జున్నుతో చేసినవి అడగండి. ఊరికే ‘క్నోడెల్’ అంటే స్పెక్ అనే పంది మాంసం కలిపినవి వస్తాయి. ష్లుట్స్‌క్రాఫెన్ అంటే పాలకూర పెట్టి మడిచిన అర్ధచంద్రాకారపు కజ్జికాయలనుకోండి, తీపి మాత్రం ఉండదు. ఈ లోయ రై రొట్టెను రెండేసి అతికించి కాలుస్తారు. దాన్ని తుంచగానే వచ్చే వాసన మీకు పరిచయమైనదే, ఎందుకంటే అందులో మన మెంతికి దగ్గరి చుట్టమైన నీలి మెంతి ఆకు పొడి కలుపుతారు. చిన్న ఊళ్లలో దుకాణాలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, ఆదివారం సంగతి చెప్పనే అక్కర్లేదు. పొద్దున్నే రొట్టె, పళ్లు కొని సంచిలో వేసుకోండి.

సైకిలు: తీసుకెళ్లాలా, అద్దెకు తీసుకోవాలా

అద్దెకు తీసుకోండి. సొంత సైకిలు విప్పి పెట్టెలో పెట్టి, విమానంలో వేసి, అది క్షేమంగా దిగిందా లేదా అని భయపడటం ఐదు రోజుల యాత్రకు దండగ. అయినా తీసుకెళ్తానంటే ఒక్క మాట: ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. విప్పాలంటే గడియారం ముల్లు దిశలో తిప్పాలి. అటూ ఇటూ బలప్రయోగం చేసి మర చెడగొట్టుకున్న వాళ్లను చూశాను.

అక్కడ రైల్వే స్టేషన్ల దగ్గరే అద్దె కేంద్రాలుంటాయి. ఒక స్టేషన్లో తీసుకుని ఇంకో స్టేషన్లో ఇచ్చే వీలూ ఉంది. అయితే ఆ సౌకర్యం మాల్స్, మెరాన్, బోల్జానో అనే ఊళ్లున్న దక్షిణ టిరోల్ ప్రాంతానికే అని లెక్క వేసుకోండి. ఇంకా దక్షిణాన ఉన్న ట్రెంటో దాటి గార్డా దాకా వెళ్లేట్లయితే సైకిలును రైల్లో బోల్జానోకు తిరిగి తేవాలి. ఎన్ని రోజులకు, ఎక్కడ అప్పగిస్తారు అన్నది ముందే మాట్లాడుకోండి. వెడల్పు టైర్లు, డిస్కు బ్రేకులు, వెనక క్యారియరు ఉన్న ప్రయాణపు సైకిలు అడగండి. సన్న టైర్ల పందెపు సైకిలు వద్దు. ఎలక్ట్రిక్ సైకిలు తీసుకుంటే తప్పేమీ లేదు గానీ ఈ దిశలో దాని అవసరం ఒక్క పూటే వస్తుంది.

సైకిలు చేతికి రాగానే ఏ చేతి బ్రేకు ఏ చక్రానికో ఆపి చూడండి. మీకు అలవాటైన దానికి తలకిందులుగా ఉండవచ్చు. దిగుడులో కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. కుడి వైపున వెళ్లాలన్నది ఇంకో సంగతి. తిన్నగా పోతున్నంతసేపు గుర్తుంటుంది. కూడలిలో ఎడమకు తిరిగిన మరుక్షణం మన ప్రాణం మళ్లీ ఎడమ పక్కకే లాగుతుంది.

ముందు సాధన

హైదరాబాదులో ఉన్నవాళ్లకు నార్సింగి, కొల్లూరు, నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌర ఫలకాల పైకప్పు బాట ఉంది. రెండు నెలల పాటు వారానికి మూడు సార్లు తొక్కండి. చివరి రెండు వారాలు సంచిలో ఎనిమిది కిలోల బియ్యం పెట్టి, వరసగా రెండు రోజులు, రోజుకు యాభై కిలోమీటర్ల చొప్పున తొక్కి చూడండి. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగలిగితే మీరు సిద్ధమైనట్లే. అయితే అదంతా చదును దారి. ఈ యాత్రలో కాళ్లకన్నా చేతులకు పని ఎక్కువ. అనంతగిరి ఘాటులో తెల్లవారుజామున దిగుడు సాధన చేయండి. బ్రేకును నొక్కి పట్టుకోకూడదు. నొక్కి, వేగం తగ్గాక వదిలి, మళ్లీ నొక్కాలి. పట్టుకునే ఉంటే బ్రేకు వేడెక్కి పట్టు కోల్పోతుంది, వేళ్లు కూడా మొద్దుబారతాయి.

మొదటి రోజు: కనుమ నుంచి గ్లుర్న్స్

బోల్జానో నుంచి మెరాన్‌కు రైలు, అక్కడి నుంచి మాల్స్‌కు ఇంకో రైలు, మాల్స్ నుంచి రెషెన్‌కు బస్సు. మెరాన్–మాల్స్ రైలు మార్గం 1990లో మూతపడి 2005లో మళ్లీ తెరుచుకుంది. దాని విద్యుదీకరణ పనుల వల్ల ఒక్కోసారి రైలు బదులు బస్సులు నడుస్తాయి. వేసవిలో సైకిళ్లకు చోటు దొరకడం కష్టం కూడా. కాబట్టి సైకిలును మాల్స్‌లో అద్దెకు తీసుకోవడం మేలు. అక్కడి నుంచి పైకి బస్సులో సైకిలు ఎక్కిస్తారో లేదో అద్దె కేంద్రంలోనే అడగండి. ఆ పూట పైనే బస చేసి మర్నాడు బయల్దేరండి.

రెషెన్ సరస్సు చూడగానే ఎవరైనా ఆగుతారు. నీళ్ల మధ్య నుంచి పద్నాలుగో శతాబ్దపు గంట గోపురం ఒక్కటే పైకి నిలబడి ఉంటుంది. 1950లో విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టి గ్రావున్ అనే ఊరిని ముంచేశారు. 160కి పైగా ఇళ్లు, పొలాలు, చర్చి పోయాయి, గోపురం మిగిలింది. శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడి తెలిసినవాళ్లకు ఈ గోపురం వింతగా అనిపించదు. అందరూ దానితో సెల్ఫీ తీసుకుంటారు. మీరూ తీసుకోండి, కానీ పక్కనున్న కొత్త ఊళ్లో పాత ఊరి ఫోటోలు కూడా చూడండి.

సరస్సుకు రెండు పక్కలా బాట ఉంది. గోపురం తూర్పు ఒడ్డున, రోడ్డు పక్కన. పడమటి ఒడ్డు ప్రశాంతం, అక్కడక్కడా చిన్న ఎక్కుళ్లు. నా సలహా: ముందు గోపురం దాకా వెళ్లి వెనక్కి వచ్చి పడమటి ఒడ్డు పట్టండి. ఆనకట్ట దాటాక ఇంకో చిన్న సరస్సు, ఆ తర్వాత అసలు దిగుడు. ఇరవై కిలోమీటర్లలోపే 600 మీటర్లు దిగుతారు. మొత్తం యాత్రలో జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. చేతులు నొప్పి పుడితే ఆగండి. ఎదురుగా ఓర్ట్లెర్ మంచు శిఖరం కనిపిస్తుంటుంది, దాన్ని తొక్కుతూ చూడవద్దు, ఆగి చూడండి. కుడి వైపు కొండ మీద తెల్లగా కనిపించేది మరియన్‌బెర్గ్ మఠం.

గ్లుర్న్స్ చుట్టూ కోటగోడ పూర్తిగా నిలిచి ఉంది. జనాభా వెయ్యికి లోపే అయినా దాన్ని నగరమనే పిలుస్తారు. రాత్రి ఇక్కడ ఉండండి.

రెండో రోజు: మెరాన్ దాకా

సుమారు 55 కిలోమీటర్లు, యాత్రలో అందమైన రోజు. ఈ లోయను ఆల్ప్స్ వానచాటు ప్రాంతమనవచ్చు, ఏడాదికి దాదాపు 500 మిల్లీమీటర్ల వానే పడుతుంది. మరి ఇన్ని తోటలు ఎలా? మంచు కరిగిన నీటిని కొండ వాలుల మీదుగా కిలోమీటర్ల కొద్దీ మళ్లించే పిల్లకాలువలు శతాబ్దాల నాటివి ఉన్నాయి. వాటిని వాల్ అంటారు. కాలువను చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు, అచ్చం మన చెరువుల నీరటిలా. నీళ్లు తిప్పే చిన్న చక్రానికి ఒక సుత్తి కట్టి, అది గంట మీద కొట్టేలా అమర్చేవారు. గంట మోగుతున్నంతసేపు అతను నిశ్చింతగా ఉండవచ్చు. ఆగిందంటే ఎక్కడో నీరు అడ్డుపడిందని పార పట్టుకుని పరుగెత్తేవాడు. కొన్ని కాలువల గట్ల మీద ఇప్పుడు నడక దారులున్నాయి. సైకిలు కింద తాళం వేసి గంటసేపు నడవండి.

దారిలో లాస్ అనే ఊళ్లో కాలిబాటలకు కూడా పాలరాయి పరిచారు, గని పక్కనే ఉంది మరి. నాటుర్న్స్ దగ్గర ఎడమ వైపు ష్నాల్స్ లోయ కలుస్తుంది. 1991లో మంచులో దొరికిన 5,000 ఏళ్లకు పైబడిన మనిషి శవం ఆ లోయ పైభాగంలోనిదే. మెరాన్‌కు ముందు బాట మెలికలు తిరుగుతూ మళ్లీ దిగుతుంది. ఎదురుగా పైకి వచ్చేవాళ్లుంటారు, మలుపుల్లో గంట కొట్టండి.

కార్లు ఉండవన్నానని ఏమీ రాదనుకోకండి. తోటల మధ్య బాట మీద రైతుల ట్రాక్టర్లు తిరుగుతాయి. కోతల కాలంలో యాపిల్ పెట్టెల బండ్లు వరసగా వస్తాయి. వాళ్లది పని, మనది షికారు, పక్కకు ఆగి దారివ్వండి. కొమ్మలు చేతికి అందేంత దగ్గరగా ఉంటాయి. కోయవద్దు. గేటు దగ్గర అమ్మకానికి పెట్టి ఉంటాయి, డబ్బాలో నాణేలు వేసి తీసుకోండి.

మూడు, నాలుగు రోజులు: బోల్జానో, ట్రెంటో, గాలి

మెరాన్ నుంచి బోల్జానో చదును దారి, 30 కిలోమీటర్లు. పొద్దున్నే చేరి మిగతా పూట ఆ మంచు మనిషిని చూడండి. అతని పేరు ఓట్జి అని పెట్టారు. మైనస్ 6 డిగ్రీల గదిలో, చిన్న కిటికీ గుండా కనిపిస్తాడు. అతని గడ్డి కూరిన తోలు చెప్పులు, రాగి గొడ్డలి చూశాక నా సామాను బరువు గురించి ఫిర్యాదు మానేశాను. మ్యూజియం సెలవు రోజు ముందే చూసుకోండి.

బోల్జానో నుంచి ట్రెంటో సుమారు 65 కిలోమీటర్లు. పటంలో చూస్తే ఇంతకన్నా సులువు లేదు: చదును, నున్నటి బాట, పక్కనే నది. నేను అలాగే అనుకుని ఆలస్యంగా లేచి, కాఫీ తాగి, పన్నెండుకు బయల్దేరాను. ఒంటిగంటకు ఎదురుగాలి మొదలైంది. నాలుగు గంటల్లో అయ్యే దారికి ఏడు గంటలు పట్టింది. ట్రెంటో చేరేసరికి మాట్లాడే ఓపిక కూడా లేదు.

కారణం తెలిస్తే తప్పించుకోవచ్చు. ఎండకు కొండ వాలులు వేడెక్కుతాయి, వాటి మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి దక్షిణాన మైదానం నుంచి గాలి లోయ వెంట పైకి దూసుకొస్తుంది. అంటే నది మనకు సాయం, మధ్యాహ్నపు గాలి మనకు శత్రువు. గార్డా దగ్గర ఈ దక్షిణపు గాలికి ఓరా అని పేరు, తెల్లవారుజామున ఉత్తరం నుంచి వీచేది పెలెర్. కాబట్టి ఏడింటికల్లా సీటెక్కి ఒంటిగంటలోపు దిగిపోవాలి. ఆరు గంటలకు ఉపాహారం దొరకదని హోటలువాళ్లు అంటే ముందు రోజే రొట్టె, పళ్లు పొట్లం కట్టించుకోండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా అన్ని పొరపాట్లూ చెల్లిపోతాయి.

దారిలో సలోర్నో దగ్గర లోయ ఇరుకవుతుంది. అక్కడ జర్మన్ మాట్లాడే నేల ముగిసి ఇటాలియన్ మొదలవుతుంది. పొద్దున ‘గ్రూస్ గాట్’ అన్నవాళ్లకు బదులు ఇప్పుడు ‘బువోన్‌జోర్నో’ అంటారు. ఇక్కడి నుంచి బాట పక్కనే సైకిలు వాళ్ల కోసం పెట్టిన ఫలహారశాలలు తగులుతాయి, బిచిగ్రిల్ అని బోర్డు ఉంటుంది. నీళ్లు నింపుకోవడానికి, గాలి కొట్టుకోవడానికి ఇవే మంచి చోట్లు.

ఐదో రోజు: గార్డా

ట్రెంటో నుంచి రొవెరెటో 27 కిలోమీటర్లు. అక్కడ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన దేశాల ఫిరంగులు కరిగించి పోసిన పెద్ద గంట ఉంది, రోజూ సాయంత్రం నూరు సార్లు మోగుతుంది. అది వినాలంటే రాత్రి అక్కడే ఉండి యాత్రను ఆరో రోజుకు పొడిగించండి. నేనైతే పొడిగిస్తాను.

మోరి దగ్గర నదిని వదిలి కుడి వైపు తిరగండి. గుర్తులు స్పష్టంగానే ఉంటాయి. మొదట లోప్పియో వస్తుంది. పటంలో సరస్సని ఉంటుంది, చూస్తే రెల్లు, బురద. ఆదిజె వరద నీటిని గార్డాలోకి మళ్లించే సొరంగం తవ్వుతున్నప్పుడు, 1950లలో, సరస్సు నీరంతా ఇంకిపోయింది. పెద్ద వానల తర్వాత మాత్రం కొన్నాళ్లు మళ్లీ నిండుతుంది. రెషెన్ దగ్గర నీళ్లొచ్చి ఊరు పోయింది, ఇక్కడ నీళ్లే పోయాయి.

లోప్పియో తర్వాతదే నేను చెప్పిన ఆ ఒక్క ఎక్కుడు. 287 మీటర్ల సాన్ జొవాన్ని గుట్ట. దిగి నడిపించుకుంటూ వెళ్లినా ఎవరూ ఏమీ అనరు. నాగో ఊరు దాటగానే కింద గార్డా మొత్తం ఒక్కసారిగా పరుచుకుంటుంది. ఇక్కడ దిగుడు చాలా నిటారు. బాగా అలిసిన చేతులతో దిగుతారు కాబట్టి ముందు పది నిమిషాలు కూర్చోండి. దిగగానే సరస్సు ఒడ్డున వచ్చే ఊరు టోర్బోలె. అక్కడి నుంచి రీవా ఊరు నాలుగు కిలోమీటర్లు, నీటి అంచునే బాట.

రీవా నుంచి పడమటి ఒడ్డున లిమోనె వైపు రోడ్డు మీద సైకిలుతో వెళ్లవద్దు. ఇరుకు సొరంగాలు, వేగంగా వచ్చే బస్సులు. లిమోనెలో కొండ చరియకు వేలాడదీసినట్లు 2018లో కట్టిన బాట చూడాలనిపిస్తే పడవలో వెళ్లండి. సైకిలును ఎక్కించుకునేది ఏ పడవో టికెట్టు కౌంటరులో అడగండి.

తిరుగు ప్రయాణానికి మర్నాడు అదే బాటలో రొవెరెటో వెళ్లి రైలెక్కాలి. ప్రాంతీయ రైళ్లలో సైకిలు గుర్తున్న పెట్టె చూసి ఎక్కండి, సైకిలుకు వేరే టికెట్టు తీసుకోవాలి. వేగపు రైళ్లలో విప్పని సైకిలుకు చోటు దొరుకుతుందని అనుకోవద్దు. బోల్జానో అద్దె కేంద్రం మూసే వేళకు కనీసం గంట ముందు చేరేలా చూసుకోండి. సంచులు విప్పాక టైర్ల మీది మట్టి ఒకసారి తుడిచి ఇవ్వండి, శుభ్రం చేసినందుకు అదనపు రుసుము తప్పుతుంది.